పాత చెక్క ప్యానెల్ గోడ నున్నగా కావాలంటే

బుజ్జమ్మా,

ఆ చెక్క గోడని నున్నగా చేసుకోవడం ఎలా అని అడిగావుగా, ఫోటోలు చూశాను. 1970ల్లో కట్టిన ఇల్లు కదా, బేస్‌మెంట్‌లో ఆ ముదురు ప్యానెలింగ్ లేకపోతేనే ఆశ్చర్యం. మేం న్యూజెర్సీలో కొన్నదీ అలాంటిదే, పట్టపగలు లైటు వేసుకుంటే గానీ మొహాలు కనబడేవి కావు.

ముందు గోడ తట్టి చూడు. బోలుగా మోగి, నొక్కితే కాస్త లోపలికి పోతే అవి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు షీట్లు. వాటి మీది గాడులు, అంటే ఆ నిలువు గీతలు, పూడ్చుకోవచ్చు. విడివిడిగా బిగించిన అసలు చెక్క పలకలైతే మాత్రం పూడ్చకు, చలికాలం హీటర్ వేయగానే చెక్క ముడుచుకుని ప్రతి గీత దగ్గరా పగుళ్లిస్తుంది. వాటి మీద పావంగుళం మందం డ్రైవాల్, అంటే జిప్సం బోర్డు, కొట్టించుకోవడమే మేలు. షీటు అడుగున నల్లబడి పొడిపొడిగా రాలుతుంటే నీళ్లొస్తున్నట్టే, ముందు ఆ సంగతి చూడు.

ఇంకోటి. ఇల్లు 1978కి ముందుది, అంటే ఇళ్ల రంగుల్లో సీసం నిషేధించక ముందుది కాబట్టి ఎవరైనా ఎప్పుడో ప్యానెల్‌కి రంగేసి ఉంటే, సీసం పరీక్ష చేయించకుండా శాండ్‌పేపర్ పట్టుకోవద్దు. పిల్ల ఇంకా పాకుతోంది, ఈ ఒక్కటీ నా మాట విను.

తర్వాత జిడ్డు. ఏళ్ల తరబడి రుద్దిన పాలిష్ దాని మీద ఉంటుంది, డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక 120 నంబరు పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దు. షీటు ఊగుతున్నచోట వెనక స్టడ్, అంటే గోడ లోపలి నిలువు చెక్క, వెతికి మేకు కొట్టు, మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటుంది.

ఇక ప్రైమర్. నేను తప్పు చేసింది ఇక్కడే. ఒక రోజు కలిసొస్తుందని ప్రైమర్ వేయకుండా నేరుగా మడ్ పెట్టేశాను, అంటే మన పుట్టీ లాంటిదే. తెల్ల రంగు వేసి సంతోషపడ్డాను కానీ, కొన్నాళ్లకే గీత గీతకీ టీ మరకల్లాంటి పసుపు పైకొచ్చింది. చెక్కలోని రంగు అలా ఊరి వస్తుందట, ఎన్ని కోటింగులు వేసినా ఆగలేదు, మళ్లీ మొదటికొచ్చాను. షెల్లాక్ ప్రైమర్, అంటే లక్కతో చేసేది, వేస్తేనే ఆగింది. అయితే దాంట్లో ఉండేది ఆల్కహాల్, ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ముందు మంట ఆర్పేసి కిటికీలు తీసి పెట్టు.

గాడులకి పొడి మడ్ కొను, నీళ్లు కలిపేది, బకెట్‌లో కలిపి అమ్మే మడ్ కంటే తక్కువ కుంగుతుంది. గడ్డపెరుగులా ఉండాలి. పుట్టీ నైఫ్‌ని గాడి వెంబడి లాగితే పెట్టినదంతా తవ్వుకొచ్చేస్తుంది, అడ్డంగా లాగాలి. తెల్లారి చూస్తే కొంచెం లోపలికి దిగి ఉంటుంది, కంగారు పడకు, ఇంకోసారి పెట్టు. రెండు షీట్లు కలిసేచోట జాలీలా ఉండే మెష్ టేప్ తప్పనిసరి, పగిలేది అక్కడే.

ఆ తర్వాత 12 అంగుళాల నైఫ్‌తో గోడంతా పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనివ్వాలి. ఆరాక గదిలో లైట్లు ఆర్పి టార్చి గోడకి ఆనించి పట్టుకో, ఎత్తుపల్లాలన్నీ నీడలై కనిపిస్తాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని అక్కడే రుద్దు. దుమ్ము ఇల్లంతా పాకకుండా హీటర్ గాలి వచ్చే వెంట్లకి ప్లాస్టిక్ అంటించు. మళ్లీ మామూలు ప్రైమర్, ఆపైన మాట్ రంగు, మెరిసేది వేస్తే లోపాలన్నీ బయటపడతాయి.

పెద్ద నైఫ్ కొనకు, నాది ఉంది. శనివారం తెస్తాను, మొదటి రెండు గాడులు కలిసి పూడుద్దాం.

పెద్దమ్మ