తమ్మీ, లాగౌట్ కొట్టే ముందు

తమ్మీ,

ఫుడ్ డెలివరీ యాప్‌లో ఆర్డర్‌కు ఇచ్చే డబ్బు లెక్క, అదే రేట్ కార్డు, మార్చారనీ, మూడు రోజులుగా లాగిన్ అవబుద్ధి కావట్లేదనీ, ఆర్డర్ల కోసం ఆగే పాయింట్ దగ్గర పెద్దోళ్లను కదిలిస్తే "సర్దుకుపోవాలె" అంటున్నారనీ రాశావు. నీ కోపం న్యాయమే. అట్లని వాళ్ల ఓర్పు చేతగానితనం కాదు.

లారీ, ట్రాలీ ఆటో, కొరియర్ పనుల్లోంచి వచ్చిన ఆ పెద్దోళ్లకు అప్పట్లో ఎదురుగా ఒక సేఠ్ ఉండేవాడు. తిట్టేది ఆయనే, బిడ్డ పెళ్లికి అడ్వాన్స్ ఇచ్చేదీ ఆయనే. ఓర్చుకున్నదంతా ఒక మనిషి గుర్తులో జమ అయ్యేది. యాప్‌ పండక్కి అడ్వాన్స్ ఇవ్వదు, అందుకే ఆ ఓర్పుకు ఇక్కడ ఫలితం లేదు. మీ కుర్రాళ్లకేమో విసుగు రాగానే ఐడీ వదిలేసి ఇంకో యాప్‌లో చేరడం అలవాటు. అదీ లాభం లేదు. వారం ఇన్సెంటివ్ పోతుంది, బ్యాగు, టీషర్టు పేరుతో మళ్లీ డబ్బు కోస్తారు, కొన్నాళ్లకు అక్కడా ఇదే గోడు. సర్దుకున్నవాడి దగ్గరా, వదిలేసినవాడి దగ్గరా లెక్క రాసిన కాగితం మాత్రం ఉండదు.

చిన్న నోట్‌బుక్ ఒకటి బ్యాగు జేబులో పెట్టు. లాగిన్ అప్పుడు మీటర్ రీడింగ్, లాగౌట్ అప్పుడు రీడింగ్, తిరిగిన గంటలు, వచ్చిన డబ్బు. ఈ నాలుగు గడులు చాలు. యాప్ చూపించే కిలోమీటర్లలో ఖాళీగా వెనక్కి వచ్చిన దూరం ఉండదు కాబట్టి మీటర్‌నే నమ్ము. వంద సీసీ బండి ట్రాఫిక్‌లో లీటరుకు 45 ఇచ్చిందనుకో. పెట్రోలు 107 అయితే కిలోమీటరుకు దాదాపు 2 రూపాయల 40 పైసలు. ఆయిల్, టైర్లు, బ్రేక్ షూలు, చైన్ సెట్ కలిపి ఇంకో రూపాయి వేసుకో, 3.40 అయింది. ఇప్పుడు 38 రూపాయల ఆర్డర్ ఒకటి తీసుకో. హోటల్ దాకా 2 కిలోమీటర్లు, కస్టమర్ దాకా 5, వెనక్కి 4, మొత్తం 11. ఖర్చు 37 రూపాయల 40 పైసలు. ముప్పావు గంట పనికి నీ చేతిలో మిగిలింది 60 పైసలు! బండి ఈఎంఐ ఇంకా కలపలేదు. మూడు వారాలు ఇట్లా రాస్తే ఏ పూట, ఏ వైపు డ్రాప్ నిన్ను ముంచుతున్నదో పేజీ మీదే కనబడుతుంది.

కంప్లయింట్ పెట్టేటప్పుడు ఒక టికెట్‌లో ఒకే విషయం రాయి. "నన్ను ఎప్పుడూ మోసం చేస్తున్నారు" అంటే చాట్ మూసేస్తారు. ఆర్డర్ నంబరు, హోటల్‌కు చేరిన టైము, పార్సిల్ చేతికొచ్చిన టైము, రావాల్సిన డబ్బు, అంతే. ఆర్డర్ నడుస్తుండగానే స్క్రీన్‌షాట్ తీసుకో, తర్వాత ఆ వివరాలు దొరకవు. ప్రతి వారం పేఔట్ స్క్రీన్‌షాట్ నీ సొంత మెయిల్‌కు పంపుకో. ఐడీ బ్లాక్ అయితే యాప్ తెరుచుకోదు, నీ ఆధారాలన్నీ అందులోనే ఉండిపోతాయి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

హోటల్‌లో ఇరవై నిమిషాలు నిలబెట్టినప్పుడు కౌంటర్ పిల్లాడి మీద అరవకు, వాడూ నీలాంటి జీతగాడే. గొడవ అయిన వెంటనే మాత్రం బండి తీయకు. హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, ఐదు నిమిషాలు ఆగు. ఆ కోపంతోనే రాంగ్ రూట్‌లో దూరుతాం. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్‌తో డెలివరీ చేస్తుంటే బండి డ్యామేజీ క్లెయిమ్ తిరగ్గొట్టే వీలుంది, పాలసీలో వాడకం షరతులు ఇవాళే చదువు. కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా లాగిన్‌లో ఉన్నప్పుడేనా, ఆర్డర్ మీద ఉన్నప్పుడేనా అన్నది కూడా చూసుకో.

అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు లేకపోతే ఆధార్‌కు లింకైన ఫోన్‌తో నమోదు చేసుకో, 12 అంకెల నంబరు వస్తుంది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మనలాంటివాళ్ల సంక్షేమానికి కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలని అందులో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో డెలివరీ వాళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ఇచ్చింది. అది ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి అందేది. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచు.

2025 డిసెంబరు 31న డెలివరీ వాళ్ల సమ్మె రోజు లాగిన్ చేసిన పెద్దోళ్లను గ్రూపులో పిరికోళ్లని తిట్టారట, అది మంచిది కాదు తమ్మీ. స్కూల్ ఫీజు, చిట్టీ వాయిదా నెత్తిన ఉన్నవాడు ఒక్క పూట కూడా ఆపలేడు. వాళ్లకు చేతనైన పని అడుగు. పాత రేట్ కార్డుల ఫొటోలు వాళ్ల ఫోన్లలోనే దొరుకుతాయి. టీఎల్ (టీమ్ లీడర్) దగ్గరికి ఇరవై మంది వెళ్లేటప్పుడు నెరిసిన తల ఒకటి ముందుంటే మాట తీరు మారుతుంది. కార్మిక శాఖకు అర్జీ పెట్టేటప్పుడూ వాళ్ల సంతకం కావాలి.

ఇంత చేశాక కూడా వదిలేయాలనిపిస్తే వదిలెయ్. చేతిలో ఉన్న క్యాష్ ఆర్డర్ల డబ్బు ముందు కట్టి రసీదు దాచుకో, లేకపోతే చివరి పేఔట్ ఆపుతారు. వారం మధ్యలో కాకుండా ఇన్సెంటివ్ పడ్డాక మానెయ్. కొత్త యాప్‌ను రెండు వారాలు నడిపి, అదే నోట్‌బుక్‌లో పక్క పేజీలో ఖర్చులు పోను గంటకు ఎంత మిగిలిందో రాయి. రెండు పేజీలూ ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దన్న