దేవుడు లేడంటే మా వైపు ఎవరూ ఏమీ అనరు, గాజుల దగ్గర తప్ప

మీరు అడిగింది ఇదీ: బదిలీ మీద విజయవాడ వస్తున్నాం, ఇంట్లో ఎవరమూ దేవుణ్ణి నమ్మం, కృష్ణా గుంటూరు వైపు నాస్తికులను తేలిగ్గా తీసుకుంటారంటారు, నిజమేనా, ప్రాంతాన్ని బట్టి ఈ తేడా ఉంటుందా అని.

ఉంటుందండీ. కాకపోతే వచ్చేది మీవారా, మీరా అన్నది కూడా చూసుకోవాలి. ఎందుకంటున్నానో చెప్తాను.

ముందే చెప్పేస్తున్నా, నేను నాస్తికురాలిని కాను. మూలా నక్షత్రం రోజు ఎంత క్యూ ఉన్నా దుర్గమ్మను చూడకుండా ఉండలేను. మా నాన్న మాత్రం పక్కా నాస్తికుడు. తెనాలి దగ్గర పల్లెలో స్కూలు మాస్టారు. శ్రీరామనవమికి పందిట్లో అందరికంటే ముందు కూర్చుని పానకం తాగేవారు. "దేవుడు లేడన్నాను గానీ బెల్లం లేదన్నానా?" అనేవారు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. భూమి తగాదాలొస్తే పెద్దమనిషిగా పిలిచేవారు కూడా.

మా వైపు ఇది కొత్తేం కాదు. పురాణాలను ఉతికి ఆరేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలికి మునిసిపల్ చైర్మన్‌గా చేశారు. ఇక బెజవాడలో గోరా గారు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని పటమటకు తెచ్చారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆయన కూతురు చెన్నుపాటి విద్య గారిని 1980లో ఒకసారి, 1989లో ఇంకోసారి ఇదే విజయవాడ లోక్‌సభకు పంపింది. ఈ కొండ మీద దుర్గమ్మ, ఆ కొండ మీద గుణదల మేరీమాత, మధ్యలో నాస్తికుడి కూతురికి ఓట్లు! మా తమ్ముడుండే టెక్సాస్‌లో అయితే, పదవిలో ఉండేవాడు దేవుడున్నాడని ఒప్పుకోవాలన్న మాట ఇప్పటికీ వాళ్ళ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. అలాంటి షరతు చెల్లదని 1961లోనే అమెరికా సుప్రీంకోర్టు మేరీలాండ్ కేసులో తేల్చింది. అయినా ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టేయలేదు. కొత్తగా దిగిన రోజుల్లో పక్కింటావిడ కేకు తెచ్చిచ్చి, ఏ చర్చికి వెళ్తారని అడిగిందట వాణ్ణి.

అంత దూరం ఎందుకు, మా అత్తగారి ఊరు నరసరావుపేట పక్కన. అక్కడ శివరాత్రికి కోటప్పకొండ శివుడికి ప్రభ, అంటే ఎత్తుగా అలంకరించిన చట్రం, కట్టడమంటే ఊరి పరువు. చందా ఇవ్వనన్నవాడు శివుడితో కాదు, ఊరందరితో తగువు పెట్టుకున్నట్టు. మా నాన్న ఆ ఊళ్ళో పుట్టుంటే నోరు కాస్త అదుపులో పెట్టుకునేవారే. నన్నడిగితే తేడా అంతా కాలవ నీళ్ళలో ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, డెల్టాకు నీళ్ళొచ్చాయి, పంట చేతికొచ్చింది, పిల్లలు చదివారు, ఊరూరా గ్రంథాలయాలు, కమ్యూనిస్టులు, ఆ వెనకే నాస్తికులు. మావారు దీన్ని ఒప్పుకోరు. ఆయనది మెట్ట ఊరు, ఎలా ఒప్పుకుంటారు?

ఇప్పుడు గాజుల సంగతి. నాన్న పోయినప్పుడు కర్మకాండ ఏదీ చెయ్యొద్దని కాగితం రాసి పెట్టారు. ఎవరూ కిమ్మనలేదు. "మాస్టారి ఇష్టం" అన్నారు. పిండాలు లేవు, సంస్మరణ సభ పెట్టి భోజనాలు పెడదామనుకున్నాం. అంతా సజావుగా సాగుతోంది కదా అనుకుంటుంటే, పదో రోజు ఇంకా తెల్లారకముందే మా పెద్దమేనత్త, వెంట ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. స్టీలు పళ్ళెంలో పసుపు ముద్ద, మూరెడు మల్లెపూలు, పేపర్లో చుట్టిన డజను ఎర్ర గాజులు. చీకటుండగానే అమ్మకి పసుపు రాసి, గాజులు నిండుగా తొడిగి, కాలవ గట్టుకు తీసుకెళ్ళి పగలగొట్టాలి. ఎదురు రాకూడదని ముత్తయిదువులని గదిలోకి వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ నాన్నలా కాదు, కార్తీకమంతా దీపాలు పెట్టే మనిషి. పళ్ళెం వైపు చూసి, "వదినా, పోయింది మీ తమ్ముడు. నా చేతులకేమొచ్చింది?" అంది.

అత్తయ్య నిర్ఘాంతపోయింది. "వాడంటే మగాడు, చదువుకున్నోడు, వాడి పిచ్చి వాడితోనే పోయింది. ఆడదానివి, నీకెందుకే ఇవన్నీ? రేపు శుభకార్యాలకు నిన్నెవరు పిలుస్తారు?"

"పిలవకపోతే ఇంట్లోనే అన్నం తింటా."

పేపరు విప్పనేలేదు. ముసలమ్మలు అరుగు మీద కాఫీ తాగి వెళ్ళిపోయారు. తర్వాత ఊరంతా చేరి అమ్మను అన్న మాటలు నేను ఇక్కడ రాయను. నలభై ఏళ్ళు దేవుడు లేడన్న నాన్నకు దక్కిన మర్యాద, రోజూ దేవుడికి దణ్ణం పెట్టే అమ్మకు ఒక్క పూటలో పోయింది. "మొగుడు నేర్పిన పొగరు" అన్నవాళ్ళలో నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. నాన్నేమో చివరిదాకా ఆవిడ దీపాలకు నూనె తెచ్చిచ్చిన మనిషి, ఏదీ నేర్పింది లేదు.

అందుకే కృష్ణా గుంటూరు విశాలహృదయం గురించి ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఉపన్యాసాలిచ్చేవాళ్ళ ఇళ్ళలో వరలక్ష్మీవ్రతం భార్యే చేస్తుంది, చేయకపోతే అడిగేదీ భార్యనే.

మీకు పనికొచ్చేది చెప్పాలంటే, పటమట, బెంజిసర్కిల్ వైపు ఇల్లు చూసుకోండి. మా వీధిలో అయితే ఆ చివర గుడి మైకు, ఈ చివర చర్చి మైకు, తెల్లారి ఐదింటికే పోటీ మొదలు. నమ్మే నాకే తల పగిలిపోతుంది. అపార్టుమెంటులో వినాయకచవితి చందా ఇచ్చేయండి, లిఫ్టు చెడిపోయినప్పుడు ఆ మొహాలే అవసరం. అద్దెకు వెళ్ళినప్పుడు ఓనరు దేవుడి మాటే ఎత్తడు. ముందు కులం అడుగుతాడు, తర్వాత నీచు వండుతారా అని. ఆ రెండింటికీ జవాబు సిద్ధం చేసుకుని రండి.