బేసల్ గాంగ్లియాకి మెదడులోని మిగతా భాగాలతో లింకు ఎలా ఉంటుంది?

బేసల్ గాంగ్లియా అంటే మెదడు లోతుల్లో ఉండే నాడీకణాల గుంపులు. ఇదొక గుండ్రటి దారి. కార్టెక్స్, అంటే మెదడు పైపొర, పంపే సంకేతాలు బేసల్ గాంగ్లియాకి గుమ్మంలాంటి స్ట్రయేటంలోకి దిగి, అందులోదే అయిన గ్లోబస్ పాలిడస్, ఆపై కార్టెక్స్‌కి సంకేతాలు అందించే థాలమస్ మీదుగా తిరిగి కార్టెక్స్‌కే చేరతాయి.

తమాషా ఏంటంటే, గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం థాలమస్‌ని ఎప్పుడూ బ్రేక్ తొక్కి పట్టుకునే ఉంటుంది. మీరు టీ గ్లాసు అందుకోబోతే స్ట్రయేటం నుంచి నేరుగా వచ్చే ‘డైరెక్ట్’ దారి ఆ బ్రేక్ వదులుతుంది. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే ఇంకో గుంపు గుండా వెళ్లే ‘ఇన్‌డైరెక్ట్’ దారి అక్కర్లేని కదలికల మీద బిగిస్తుంది. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మరో గుంపు నుంచి వచ్చే డోపమైన్ అనే రసాయనం మొదటిదాన్ని పెంచి, రెండోదాన్ని తగ్గిస్తుంది. కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్ తయారుచేసే ఆ కణాలే చనిపోతాయి, ఇక బ్రేక్ పట్టేసినట్టే. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయి నిలబడిపోయిన మనిషి, నేల మీద అడ్డంగా గీత కనిపిస్తే ఒక్కోసారి దాటి అడుగేస్తాడు. చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ఈ వలయాలు కదలికలకే కాదు, కంటిచూపు మళ్లించడానికి, ఆలోచనకి, భావోద్వేగాలకి కూడా విడివిడిగా ఉన్నాయి.