చట్టం, వ్యాపారం, పాలన మీద పరిశోధన: రాయగడ నుంచి ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వారపు సంతల్లో చింతపండు, కొండచీపుర్లు, పసుపు కొని పార్వతీపురం, విజయనగరం పంపే చిన్న వ్యాపారం. మా అమ్మాయి ఈ ఏడాది ఎకనామిక్స్‌తో ప్లస్ టూ ఆర్ట్స్ పూర్తి చేస్తోంది. బీఈడీ చేసి టీచరు అయితే బాగుంటుందని మా కోరిక. తనేమో అభివృద్ధి చెందుతున్న దేశాల్లో చట్టాలు, వ్యాపారం, పరిపాలన ఎలా నడుస్తున్నాయో పరిశోధన చేస్తానంటోంది. ఇది ఉద్యోగమేనా? మా బోటి వాళ్లకు అందుతుందా? ఏం చదివించమంటారు?

సమాధానం:

ఉద్యోగమేనండి. అయితే టీచరు ఉద్యోగం మాదిరిగా ఒక పరీక్షతో, ఒక నియామకపత్రంతో తేలిపోయేది కాదు. డిగ్రీ మొదలుపెట్టిన నాటి నుంచి సొంత పరిశోధనతో స్థిరపడేందుకు పదేళ్లకు అటూ ఇటూ పడుతుంది. అందుకని నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. అమ్మాయిని ఆపకండి, కాకపోతే ఏ దశలో ఆగినా చేతిలో ఒక జీవనోపాధి ఉండే విధంగా చదువును ఎంచుకోండి.

ఈ పరిశోధన ఎక్కడో పై దేశాల గ్రంథాలయాల్లో జరిగే పని అని మీరు అనుకుంటున్నట్టుంది. మీరు కొనే చింతపండునే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తులను గిరిజనుల దగ్గర కొనే గుత్తాధికారాన్ని 1979 నాటి రెగ్యులేషన్ గిరిజన సహకార సంస్థకు ఇచ్చింది. మీ ఒడిశాలో 2000 సంవత్సరం నాటి విధానం చింతపండు వంటి అనేక ఉత్పత్తుల వ్యాపార నియంత్రణను గ్రామ పంచాయతీలకు అప్పగించింది కాబట్టి, పంచాయతీలో పేరు నమోదు చేయించుకున్న వ్యాపారి నేరుగా కొనవచ్చు. కొండలు అవే, చెట్లు అవే, ఏరే చేతులు చాలాచోట్ల ఒకే తెగకు చెందినవి. మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చి రెండు వేర్వేరు చట్టాలు పెట్టింది. ఏ వైపున ఏరుకొచ్చిన మనిషికి మెరుగైన ధర దక్కుతోంది? సీజనుకు ముందే అడ్వాన్సు తీసుకున్న కుటుంబానికి సంతలో బేరమాడే స్వేచ్ఛ ఎంత మిగిలింది? నమోదు చేసే అధికారం ఉన్న పంచాయతీ ధర విషయంలో నిజంగా జోక్యం చేసుకుంటోందా, రిజిస్టరులో సంతకంతో సరిపెడుతోందా? చట్టం, వ్యాపారం, పాలన మూడూ ఈ ఒక్క బస్తాలో ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నను పట్టుకుని, రెండు వైపులా ధరలు సేకరించి, రికార్డులు చదివి, మనుషులతో మాట్లాడి, ఆధారంతో జవాబు చెప్పడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని.

మీ జిల్లా ఈ రంగంలో పేరున్న చోటు కూడా. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పును అనుసరించి రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు గ్రామసభలు సమావేశమై, నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. సరిహద్దుకు ఇవతల, విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో వచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపున్న కొటియా గ్రామాల మీద రెండు రాష్ట్రాలూ హక్కు చెబుతూ 1968లోనే కోర్టుకెక్కాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపించడంతో వివాదం మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు ప్రభుత్వాలు పోటీపడి పథకాలు ఇచ్చే ఊళ్లో పాలన బాగుపడుతుందా, జవాబుదారీతనం ఇంకా పలచబడుతుందా అన్నది మంచి పరిశోధకురాలు ఏళ్లతరబడి పనిచేయదగ్గ ప్రశ్న. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, కోంధు గిరిజనుల భాష కువి కొంతైనా అర్థమయ్యే అమ్మాయికి అక్కడ దుభాషీ అవసరం ఉండదు. పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే చాలామందికి ఆ వీలు లేదు.

ఈ రంగంలో జాగ్రత్త ఎందుకు ముఖ్యమో కూడా అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. పెరూ దేశపు ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం 1980లలో లీమా నగరంలో చిన్న కుట్టు కార్ఖానాను చట్టప్రకారం రిజిస్టరు చేయించడానికి ఎన్నాళ్లు పడుతుందో స్వయంగా తిరిగి చూసింది. 289 రోజులు పట్టింది. ఆ తరహా ఆలోచన ప్రపంచ బ్యాంకు వరకూ వెళ్లి, ఏ దేశంలో వ్యాపారం పెట్టడం ఎంత సులభమో లెక్కగట్టి ర్యాంకులిచ్చే వార్షిక నివేదికగా మారింది. ప్రభుత్వాలు ఆ ర్యాంకుల కోసం చట్టాలనే మార్చుకున్నాయి. చివరకు కొన్ని దేశాల గణాంకాల్లో అవకతవకలు బయటపడటంతో 2021లో ప్రపంచ బ్యాంకు ఆ నివేదికనే ఆపేసింది. పైగా భారతదేశం విషయంలో అది ముంబై, ఢిల్లీ నగరాలనే చూసింది. రాయగడలో ట్రేడ్ లైసెన్సుకు, కాటా ముద్రకు తిరిగే వ్యాపారి ఆ లెక్కలోకి రానేలేదు. తప్పుడు అంకె ఒకటి దేశాల విధానాలనే తిప్పగలదు కాబట్టి, అంకెను ప్రశ్నించడం నేర్పని చదువు ఈ రంగానికి సరిపోదు.

ఇక ఏం చదవాలన్నది. నా మొదటి సలహా ఎకనామిక్స్ డిగ్రీ, అందులోనూ స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా ఉన్న కోర్సు. పొలిటికల్ సైన్స్ తక్కువదని నా ఉద్దేశం కాదు. కానీ ఆర్ట్స్ విద్యార్థులు లెక్కలకు భయపడి దాని వైపు మళ్లి, తర్వాత పరిశోధనలో పట్టికలు చదవలేక ఇబ్బంది పడటం తరచూ చూస్తుంటాను. కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏకు పోటీపడవచ్చు. ఆ పరీక్షను తెలుగులోనూ ఒడియాలోనూ రాయవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఎకనామిక్స్‌కు ప్లస్ టూలో గణితం అడుగుతాయి కనుక, దరఖాస్తుకు ముందు ప్రకటనలో అర్హత చూసుకోండి. సీటు రాకపోతే దిగులు పడనక్కర్లేదు. రాయగడ అటానమస్ కళాశాలలోనో, బరంపురంలోనో డిగ్రీ బాగా చదివి, ఎంఏకు సునాబెడలోని సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఒడిశాకు గానీ, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు గానీ, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికి గానీ వెళ్లవచ్చు. ఢిల్లీ జేఎన్‌యూలో చట్టం, పాలన అధ్యయనానికే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. పీహెచ్‌డీ నాటికి అది గుర్తుంచుకోవాలి.

రెండో దారి లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ. కటక్‌లో నేషనల్ లా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ మీకు అందుబాటులో ఉన్నాయి. తీర్పులు చదివే శిక్షణ అక్కడ దొరికినట్టు మరో చోట దొరకదు, పరిశోధన కుదరకపోయినా వకీలు వృత్తి ఉంటుంది. అయితే ఖర్చు ఏటా లక్షల్లో ఉంటుంది. న్యాయాధికారి ఉద్యోగాన్ని తేలికైన ప్రత్యామ్నాయంగా లెక్కవేసుకోకండి. 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసును మళ్లీ తప్పనిసరి చేసింది. అప్పు చేయాల్సి వచ్చే కుటుంబమైతే ఎకనామిక్స్ దారినే నేను చెబుతాను. కావాలంటే తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయడానికి ఎప్పుడూ వీలుంటుంది.

ఆదాయం సంగతి. ఎంఏ తర్వాత యూజీసీ నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం అందుతాయి. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. నెట్ పాసై జేఆర్‌ఎఫ్ రాని వాళ్లే ఎక్కువ, శాశ్వత పోస్టులు తక్కువ. ఇది దాచిపెట్టే విషయం కాదు. అందుకే ఎంఏ పూర్తికాగానే పనికి వెళ్లే దారులు కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం), భువనేశ్వర్‌లోని నబకృష్ణ చౌధురి అభివృద్ధి అధ్యయన కేంద్రం వంటి సంస్థల ప్రాజెక్టుల్లో పరిశోధన సహాయకుల అవసరం ఉంటుంది. కోర్టుల పెండింగు కేసుల మీద బెంగళూరులో ‘దక్ష్’, చట్టాల రూపకల్పన మీద ఢిల్లీలో ‘విధి’ అనే సంస్థలు పనిచేస్తున్నాయి. ఎంపీలకు పరిశోధనలో తోడ్పడే లాంప్ ఫెలోషిప్‌ను చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడుపుతోంది. బీఈడీ తలుపు కూడా మూసుకుపోదు. డిగ్రీ తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు.

సరిహద్దు కుటుంబాలు దెబ్బతినే చోటు ఒకటుంది, దాన్ని ఈ నెలలోనే సరిచూసుకోండి. కులాల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. కేంద్ర ఓబీసీ జాబితా కూడా అంతే. ఆంధ్రలోని మీ చుట్టాలకు బీసీ సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన ఒడిశాలో మీకు అదే హోదా వస్తుందని అనుకోవద్దు. మీ కులం పేరు ఒడిశా జాబితాల్లో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి, రెసిడెన్స్ సర్టిఫికెట్ కూడా అమ్మాయి పేరిట ముందే తీయించండి. సీటు వచ్చాక ఈ కాగితాల కోసం పరుగులు పెడితే గడువు దాటిపోవచ్చు.

పరీక్షలయ్యాక సెలవుల్లో అమ్మాయికి మీ ఖాతా పుస్తకాలు ఇవ్వండి. గత అయిదేళ్లలో ప్రతి సీజనులో ఏ సంతలో చింతపండు ఏ ధరకు కొన్నారో, పార్వతీపురంలో ఏ ధరకు అమ్మారో, లారీ బాడుగ, హమాలీ, తరుగు ఎంత పోయాయో వరసగా కంప్యూటరులో ఎక్కించమనండి. అదే సీజన్లకు గిరిజన సహకార సంస్థ ప్రకటించిన కొనుగోలు ధరలను సమాచార హక్కు చట్టం కింద అడగమనండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ తర్వాత మిమ్మల్ని వెంటబెట్టుకోకుండా, ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకుని సంతకు వెళ్లి, అమ్మే ఆడవాళ్లతో కూర్చుని వాళ్ల వైపు లెక్క రాసుకోమనండి. తాను కొనుగోలుదారు కూతురినని వాళ్లకు ముందే చెప్పాలి, అడిగిన వాళ్ల పేర్లు ఎక్కడా రాయకూడదు. మీ లెక్కా వాళ్ల లెక్కా ఒకచోట సరిపోలకపోవచ్చు, అది మీకు కొంత ఇబ్బందిగానూ ఉండవచ్చు. అయినా దిద్దమని అడగకండి. ఆ తేడా ఎందుకొచ్చిందో రెండు మూడు పేజీల్లో రాసి, నాకొక ప్రతి పంపమనండి. ఈ రెండు దారుల్లో ఏది తనకు నప్పుతుందో అది చదివాక తనతోనే మాట్లాడతాను. సీయూఈటీ, క్లాట్ దరఖాస్తుల గడువు మాత్రం అంతదాకా ఆగకపోవచ్చు, ముందే చూసుకోండి.