ప్లాటా, వడ్డీనా? నన్నడిగితే రెండూ వద్దు

మీరు రాసింది ఇదీ: వయసు 44, కడపలో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 38 వేలు. మీ ఇంటావిడ మిషను కుట్టి నెలకు ఆరేడు వేలు సంపాదిస్తారు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరు. బ్యాంకులో నాలుగు లక్షలున్నాయి. బైపాస్ పక్కన ప్లాటు కొనమని మామగారు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇవ్వమని స్నేహితుడు చెబుతున్నారు. ముసలితనంలో పిల్లల మీద పడకుండా బతకాలంటే ఏది మేలని అడిగారు.

నేనుండేది ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసి 2023లో రిటైరయ్యాను. మీలాగే గవర్నమెంటు పింఛను లేదు. పీఎఫ్ కాగితాలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి చూశాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మన జిల్లాలో రెండేళ్లు వరసగా వాన రాకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. శనగ పోతుంది, బుడ్డలు పోతాయి, అంగళ్లలో ఉద్దర పెరుగుతుంది. మీ దగ్గర వడ్డీకి తీసుకున్నవాడు సరిగ్గా ఆ ఏడే చేతులెత్తేస్తాడు. ప్లాటు కొనేవాడు ఆ ఏడే కనపడడు. ఊర్లో ఉన్న అన్నో తమ్ముడో అప్పు అడిగేదీ ఆ ఏడే. అంటే మీరు మూడు చోట్ల పెట్టాననుకున్న డబ్బు నిజానికి ఒక్కచోటే, ఈ వాన మీదే ఉంది. ముసలితనానికి దాచే సొమ్ములో ఎక్కువ భాగం కడప జిల్లా మంచిచెడ్డలతో సంబంధం లేనిచోట ఉండాలి. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే.

మా తోడల్లుడికి నాలుగు ప్లాట్లు. కాగితం మీద చూస్తే మా అందరికంటే ఆస్తిపరుడు. గుండె ఆపరేషన్ కావాల్సి వచ్చినప్పుడు ఒకటి అమ్ముదామని కొనేవాణ్ని వెంటబెట్టుకుని వెళితే హద్దురాళ్లే కనపడలేదు. మనిషెత్తు కంప చెట్లు. జేసీబీతో కంప కొట్టించి, సర్వేయర్‌ను పిలిచి కొలిపించేసరికే నెల గడిచింది. ఆపరేషన్ నెలదాకా ఆగదు కదా. వియ్యంకుడి దగ్గర డబ్బు సర్దుబాటు చేసుకుని, తర్వాత ఆ ప్లాటును తక్కువకు తెగనమ్మారు. ఉండటానికి ఇల్లు లేకపోతే స్థలం కొనండి, దానికి నేను అడ్డు చెప్పను. అప్పుడు కూడా లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో, ఈసీలో (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం) ఏముందో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఉన్న నాలుగు లక్షలూ ఊడ్చి, పైన అప్పు తెచ్చి కొనే ప్లాటు మాత్రం మీకొద్దు.

ఇక రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం అంటే వినడానికి బాగుంటుంది. ఏ బ్యాంకులోనూ అప్పు పుట్టనివాడే అంత వడ్డీకి ఒప్పుకుంటాడు. ప్రామిసరీ నోటు రాయించుకున్నా మూడేళ్లలో దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. ఈలోపు కొంతైనా కట్టించుకుని, నోటు వెనక బాకీదారు చేత చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. బంధువుల దగ్గర ఈ సంతకం అడగలేక నోట్లు చెల్లకుండా పోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అరవై దాటాక బాకీ కోసం ఇంకొకరి గడప దగ్గర నిలబడటం ఎంత బాధో వాళ్లనడగండి.

మరి ఏం చేయాలి? ముందు మీ చేతిలో ఇప్పటికే ఉన్నది చూడండి. పీఎఫ్ కట్ అవుతుంటే అదే మీకు మొదటి ఆధారం. 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. అంత భద్రంగా అంత వడ్డీ ఇచ్చేది మనలాంటివాళ్లకు ఇంకోటి దొరకడం కష్టం. కంపెనీ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసి బైకో ఫ్రిజ్జో కొన్నవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. మా దగ్గర కాంట్రాక్టు కార్మికులైతే కాంట్రాక్టర్ మారినప్పుడల్లా 10-సి ఫారం పెట్టి పింఛను సొమ్ము కూడా తీసేసుకునేవాళ్లు. దాంతో సర్వీసు మళ్లీ మొదటికొచ్చేది. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటే ఉండే పింఛను పథకం) పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. వద్దు వద్దని బతిమాలినా వినేవాళ్లు కాదు, వాళ్ల అవసరాలు అలాంటివి. మీరు మాత్రం పీఎఫ్‌ను కదిలించొద్దు, పాప పెళ్లికి కూడా.

అయితే ఆ పింఛను మీదే ఆశ పెట్టుకోవద్దు. లెక్క చాలా సులువు: పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతానికి ఇప్పుడున్న పరిమితి 15,000. పాతికేళ్ల సర్వీసైతే 5,357 రూపాయలు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు పరిమితి 6,500 మాత్రమే, అందుకే నాకు 28 ఏళ్లు చేసినా నాలుగు వేల చిల్లరే వస్తోంది. ఇంకోవైపు ధరలు చూడండి. ఏటా 6 శాతం పెరిగితే, ఈ రోజు 25 వేలతో గడిచే ఇంటికి పద్నాలుగేళ్ల తర్వాత 56 వేలు దాటి కావాలి. ఆ తేడాను మీరే పూడ్చుకోవాలి.

నాలుగు లక్షల్లో రెండు లక్షలు బ్యాంకులోనే ఎఫ్‌డీగా ఉంచండి. ఉద్యోగం పోయినా, ఆస్పత్రి పాలైనా ఆరు నెలలు గడవాలి. ఒక బ్యాంకులో ఒకరి పేరు మీద ఉన్న డిపాజిట్లకు, వడ్డీతో కలిపి, 5 లక్షల దాకా బీమా ఉంటుంది కాబట్టి అక్కడ భయం లేదు. మిగతా రెండు లక్షల్లోంచి కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా, మీ పేరు మీద టర్మ్ పాలసీ (గడువులోపు మీకేమైనా అయితేనే ఇంటికి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి. కంపెనీ బీమా ఉంది కదా అనుకోవద్దు, అది మీ ఐడీ కార్డుతో పాటే పోతుంది. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనే షరతు ఉండొచ్చు, అందుకే బీపీ, షుగరు రాకముందే తీసుకోవాలి. మిగిలింది పీపీఎఫ్‌లో (బ్యాంకులో, పోస్టాఫీసులో తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా) వేయండి. 7.1 శాతం, పన్ను లేదు, ఏడాదికి లక్షన్నర దాకా కట్టొచ్చు. పదిహేనేళ్ల గడువు మీకు అతికినట్టు సరిపోతుంది, మీకు అరవై వచ్చేసరికి చేతికొస్తుంది.

నెలనెలా మిగిలే దాంట్లోంచి ఐదు వేలు ఇండెక్స్ ఫండులో (నిఫ్టీలాంటి సూచీలో ఉన్న పెద్ద కంపెనీల షేర్లే కొనే మ్యూచువల్ ఫండు) సిప్‌గా, అంటే నెలనెలా వాయిదాగా వేయండి. షేర్లంటే మీ ఇంట్లో భయపడతారని తెలుసు, మా ఇంట్లోనూ భయపడ్డారు. 2020 జనవరి నుంచి మార్చికి నిఫ్టీ మూడో వంతుకు పైగా పడింది. అప్పుడు నా సహోద్యోగులు చాలామంది అమ్మేశారు. మా ఆవిడ మాత్రం "ఇప్పుడు తీసి ఏం చేస్తాం, రిటైరయ్యేదాకా ఆ వైపు చూడొద్దు" అంది. ఆ మాట వల్లే ఫండ్లలో నా డబ్బు నిలబడింది. నెలకు ఐదు వేలు పద్నాలుగేళ్లు కట్టి, సగటున 10 శాతం పెరిగితే సుమారు 18 లక్షలవుతుంది. 10 శాతం వస్తుందని ఎవరూ రాసివ్వరు. దేశంలోని పెద్ద కంపెనీలన్నింటిలో మీ డబ్బు ఉంటుంది కాబట్టి, కడపలో వాన పడకపోయినా దానికేమీ కాదు. జీతం పెరిగినప్పుడల్లా ఐదొందలో వెయ్యో పెంచండి. బ్రోకరు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ అడిగి తీసుకోండి.

బంగారం గురించి ఒక్క మాట, ప్రొద్దుటూరువాణ్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కడతాం. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. పాపకు కావాల్సింది కొనండి, అవసరానికి బ్యాంకులో కుదువ పెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. కానీ నగలను రిటైర్‌మెంట్ లెక్కలోకి తీసుకోవద్దు. ఆడవాళ్ల ఒంటి మీద ఉన్నది తీసి అమ్ముకుని నెలలు గడుపుదామని ఎవరూ అనుకోరు, అనుకోకూడదు కూడా.

చిట్టీ కడుతుంటే రిజిస్టరైనదేనా అని చూసుకోండి. బాబు కాలేజీ ఫీజులాంటి దగ్గరి ఖర్చులకు పరవాలేదు.

ఇప్పుడు నాకు డబ్బు ఎలా వస్తుందో చెబుతాను, మీకు ఒక రూపం తెలుస్తుంది. రిటైరైన వెంటనే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో 20 లక్షలు వేశాను. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. మామూలుగా అరవై నిండాలి. రిటైరైనవాళ్లు 55 నుంచే చేరొచ్చు, కాకపోతే రిటైర్‌మెంట్ సొమ్ము అందిన మూడు నెలల్లోపు వేయాలి. ఒక్కొక్కరికి 30 లక్షల దాకా అనుమతి ఉంది. మా ఆవిడకు ఇంకా అరవై రాలేదు కాబట్టి ఆమె పేరు మీద మంత్లీ ఇన్‌కమ్ స్కీములో 9 లక్షలు పెట్టాం, 7.4 శాతానికి నెలకు 5,550. నా పింఛనుతో కలిపి నెలకు 23 వేల పైనే. సొంతిల్లు ఉంది, ఇద్దరికీ సరిపోతుంది. ఫండ్లలో ఉన్నదాన్ని ముట్టుకోలేదు, ధరలు పెరిగేకొద్దీ పదేళ్ల తర్వాత అదే అక్కరకొస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. యూఏఎన్ నంబరుతో (మీ పీఎఫ్ ఖాతా నంబరు, కంపెనీ మారినా అదే ఉంటుంది) పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైటులోకి వెళ్లి మీ ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకుని ఈ-నామినేషన్ (మీ తర్వాత సొమ్ము ఎవరికి చెందాలో నమోదు చేయడం) పూర్తి చేయండి. మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో క్లెయిములు ఆగిపోయి నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు. పాత కంపెనీ సర్వీసు ఇప్పటి ఖాతాకు బదిలీ అయిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. మొత్తం సర్వీసు ఎంతుందో, పీఎఫ్‌లో ఎంతుందో కింద రాస్తే 58కి మీకు ఎంత వస్తుందో లెక్కవేసి పెడతాను.