జాలి తర్వాత సంగతి, ముందు వాళ్ళ వాద్యం వినిపించు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. 1960ల నాటి సోల్ పాటల గురించి, అంటే అమెరికన్ నల్లజాతివాళ్ళ పాటల గురించి, తెలుగులో రాసేవాళ్ళే తక్కువ. నువ్వు ఇంకో అడుగు వేసి, పాడినవాళ్ళని దాటి వెనక వాయించినవాళ్ళ దగ్గరికి, ముఖ్యంగా డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ వాద్యకారుల దగ్గరికి, వెళ్ళావు. చాలా సంతోషం. ఈ పని నీ చేతుల్లో బాగా రావాలని నాకు గట్టిగా ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

వ్యాసంలో నన్ను ఇబ్బంది పెట్టింది ముఖ్యంగా ఒకటి. 'మరుగున పడిన మాణిక్యాలు', 'చరిత్ర మరిచిన వీరులు', 'అజ్ఞాత కళాకారులు'... మొదటి పేజీ నిండా ఇవే. వాళ్ళకి అన్యాయం జరిగిందని తెలిసింది. వాళ్ళు ఏం వాయించారో ఎక్కడా తెలియలేదు. ఇలా రాస్తే చదివినవాళ్ళు అయ్యో పాపం అనుకుని లేచిపోతారు, పాట పెట్టుకుని మళ్ళీ వినరు. నీ వాక్యం చదివాక, ఎన్నోసార్లు విన్న పాటలోనే అంతకుముందు పట్టించుకోని వాద్యం చెవిన పడాలి. వాద్యకారుడికి మనం ఇవ్వగలిగిన గుర్తింపు అదే.

'మై గర్ల్' సంగతే చూడు. టెంప్టేషన్స్ బృందం పాట, 1964 చివర్లో విడుదలై 1965 మార్చిలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. డేవిడ్ రఫిన్ గొంతు మీద నువ్వు రాసిన పేరా బాగుంది. కానీ ఆయన నోరు విప్పేలోపే పాట మనల్ని పట్టేసుకుంటుంది. ముందు బేస్ గిటార్ (మంద్రస్థాయి పలికే గిటార్) ఒక్కటే రెండు స్వరాల మీద నడుస్తుంది. దాని మీద గిటార్ ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఆ మెట్లు మనకి కొత్తవేం కాదు: స రి గ ప ద స. మోహన ఆరోహణలో వచ్చే స్వరాలే. కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారగానే మధ్యమాన్ని షడ్జంగా పట్టుకుని అదే వరుస మళ్ళీ మొదలవుతుంది. (ఇది మోహన రాగం అని మాత్రం రాసేయకు. గమకం లేదు, సంచారం లేదు, స్వరాలు కలిశాయంతే. తెలుగు పాఠకుడి చెవికి దారి చూపించడానికి వాడుకో, అంతకు మించి లాగకు.)

ఆ గిటార్ వాయించింది రాబర్ట్ వైట్. నీ వ్యాసంలో పాట రాసినాయన, గిటార్ వాయించినాయన ఒక్కరే అన్నట్టు వచ్చింది. కాదు. స్మోకీ రాబిన్సన్‌తో కలిసి ఆ పాట రాసింది రొనాల్డ్ వైట్, మిరకిల్స్ బృందంలో గాయకుడు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. పాట రాసినవాడిగా రొనాల్డ్ పేరు రికార్డు మీద ఉంది, పాట మోగినంత కాలం ఆ రాతకి రాయల్టీ ఉంటుంది. రాబర్ట్‌కి దక్కింది సెషన్ డబ్బులు, అంటే ఆ రికార్డింగుకి వాయించినందుకు ఇచ్చే కూలి. 'మై గర్ల్' అనగానే జనం ముందు కూనిరాగం తీసేది మాత్రం రాబర్ట్ వేళ్ళలోంచి వచ్చిన ఆ ముక్కనే. ఈ ఒక్క తేడా సరిగ్గా రాస్తే 'అన్యాయం' అనే మాట నువ్వు వాడనక్కర్లేదు, పాఠకుడే అనుకుంటాడు.

రాబర్ట్ వైట్ గురించి ఇంకో సంగతి ఉంది. తర్వాతెప్పుడో ఒక రెస్టారెంట్లో కూర్చుని ఉండగా ఈ పాట వచ్చిందట. అది వాయించింది నేనే అని వెయిటర్‌కి చెప్పబోయి ఆగిపోయాడట, ఎవరో ముసలాయన కోతలు కోస్తున్నాడు అనుకుంటాడేమోనని. 1994లో ఆయన పోయారు. ఇది తప్పకుండా రాయి. రాసి వదిలెయ్. కింద నీ వ్యాఖ్య ఏమీ వద్దు.

ఇక ఈ పాట తయారైన ఊరు, గది. నీ వ్యాసంలో 'ఒక చిన్న స్టూడియోలో' అని ఉంది. ఆ మాట ఏ స్టూడియోకైనా సరిపోతుంది. బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ కంపెనీ మొదలుపెట్టాడు. డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు కొని రికార్డింగ్ స్టూడియో చేశాడు. మోటౌన్ అంటే ఆ ఇల్లే. అందులో స్టూడియో ఎ అనే గదిని వాద్యకారులు 'స్నేక్‌పిట్' (పాముల గుంట) అనేవాళ్ళు, పైనుంచి వేలాడే కేబుళ్ళని చూసి. ఆ గదిలో కూర్చున్నవాళ్ళే ఫంక్ బ్రదర్స్. ముందు జో హంటర్, తర్వాత ఎర్ల్ వాన్ డైక్ నాయకత్వం, ఇద్దరూ కీబోర్డ్ వాద్యకారులే. గిటార్ మీద రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సినా. డ్రమ్స్ మీద బెన్నీ బెంజమిన్, తర్వాత యూరియల్ జోన్స్, రిచర్డ్ అలెన్ కూడా. టాంబరిన్ జాక్ యాష్‌ఫర్డ్. బేస్ జేమ్స్ జేమర్సన్.

నువ్వు వదిలేసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. వీళ్ళలో చాలామంది జాజ్ వాద్యకారులు. పగలు మోటౌన్‌లో మూడు నిమిషాల పాటలు వాయించి, రాత్రి డెట్రాయిట్ క్లబ్బుల్లో తమకిష్టమైన సంగీతం వాయించుకునేవాళ్ళు. అంత తేలిగ్గా వినపడే పాటల అడుగున అంత పనితనం ఎలా వచ్చిందని అడిగితే, పెద్ద జవాబు అక్కడుంది. బయట వేరే కంపెనీలకి దొంగచాటుగా వాయించి పట్టుబడి జరిమానాలు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. రికార్డు మీద పేరు వెయ్యరు, బయటికీ పోనివ్వరు. ఈ రెండు సంగతులూ నీ వ్యాసంలో పక్కపక్కన ఉండాలి.

జేమర్సన్ దగ్గర మాత్రం నువ్వు ఆగాలి. పేజీలు ఖర్చయినా ఫర్వాలేదు. 1936లో సౌత్ కరొలైనాలో పుట్టాడు. డెట్రాయిట్ వచ్చాక ముందు నిలువు బేస్ నేర్చుకున్నాడు, తర్వాతే ఎలక్ట్రిక్ బేస్. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఆయన వాద్యం. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు, ఆ వేలికి 'హుక్' (కొక్కెం) అని పేరు. అప్పటిదాకా పాప్ పాటల్లో బేస్ పని చాలావరకు కార్డ్ మూలస్వరాన్ని పట్టుకుని తాళం నిలబెట్టడం. జేమర్సన్ ఆ పని చేస్తూనే, గాయకుడి కింద ఇంకో పాట అల్లాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నేరుగా వెళ్ళకుండా మధ్యలో అర్ధస్వరాల మీదుగా జారుతూ వెళ్తాడు, దెబ్బ పడాల్సిన చోటికి కాస్త ముందో వెనకో పడతాడు. 1967లో వచ్చిన ఫోర్ టాప్స్ బృందం పాట 'బెర్నాడెట్' విను. గాయకుడు లీవై స్టబ్స్ గొంతు చించుకుని పిలుస్తుంటే కింద బేస్ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. అయినా పాట ఎక్కడా తూలదు.

నువ్వు ఈయన తాగుడు గురించి నాలుగు వాక్యాలు రాశావు, వాద్యం గురించి ఒకటిన్నర. గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' పాట రికార్డు చేసిన రాత్రి జేమర్సన్ కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడనే కథ అందరూ చెబుతారు. చెప్పుకోడానికి బాగుంటుంది కాబట్టే చెబుతారు. నువ్వూ చెప్పు, కానీ ఆ పడుకున్న మనిషి వేలు ఏం చేసిందో చెప్పకుండా వదలకు. అదే పేరుతో 1971లో వచ్చిన ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు వేశారు. జేమర్సన్ పేరు ముందు 'సాటిలేని' అనే విశేషణం కూడా. అప్పటికి పదేళ్ళకి పైగా ఆయన ఆ కంపెనీకి వాయిస్తున్నాడు. మరుసటి ఏడాది, 1972లో, మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది.

1983లో మోటౌన్ పాతికేళ్ళ పండుగ టీవీ కోసం పెద్ద ఎత్తున జరిగింది. జేమర్సన్‌కి పిలుపు లేదు. టికెట్ కొనుక్కుని వెళ్ళి వెనక కూర్చున్నాడు. అదే ఏడాది ఆగస్టు 2న పోయాడు, వయసు 47. ఈ ఘట్టంతో వ్యాసం మొదలుపెట్టాలని నీకు చెయ్యి లాగుతుంది. వద్దు. పాఠకుడు ఆయన వాద్యం విన్న తర్వాతే ఈ సంగతి తెలియాలి. అప్పుడే ఆ సీట్లో కూర్చున్నది ఎవరో వాళ్ళకి తెలుస్తుంది.

ఆయనకి గుర్తింపు ఎలా వచ్చిందో కూడా చూడు. అలన్ స్లట్‌స్కీ అనే గిటారిస్ట్ జేమర్సన్ బేస్ వరసల్ని స్వరం స్వరం విని కాగితం మీద పెట్టాడు. ఆ స్వరలిపి, దానితోపాటు జీవితకథ, కలిపి 1989లో పుస్తకమైంది. దాన్నుంచే 2002లో డాక్యుమెంటరీ వచ్చింది, బతికున్న ఫంక్ బ్రదర్స్ మళ్ళీ కలిసి వాయించారు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వెనక వాయించినవాళ్ళ కోసం కొత్త విభాగం పెట్టినప్పుడు మొదటి ఏడాదే జేమర్సన్‌ని తీసుకున్నారు. బెన్నీ బెంజమిన్‌ని 2003లో. 2004లో ఫంక్ బ్రదర్స్‌కి గ్రామీ జీవన సాఫల్య పురస్కారం. బెంజమిన్ 1969లోనే పోయాడు, ఎర్ల్ వాన్ డైక్ 1992లో. ఈ తేదీలు వరసగా రాయి, చాలు.

బీటిల్స్, ఎల్విస్, రోలింగ్ స్టోన్స్, బీచ్ బాయ్స్ అందరికీ కలిపి ఉన్నవాటి కంటే వీళ్ళు వాయించిన నంబర్ వన్ పాటలే ఎక్కువ అనే మాట నీ వ్యాసంలో రెండు చోట్ల ఉంది. రెండు చోట్లా తీసెయ్. అది ఆ డాక్యుమెంటరీ ప్రచారానికి పనికొచ్చే మాట. పెద్ద పేర్ల పక్కన నిలబెట్టి కొలిస్తే తప్ప వీళ్ళ విలువ తెలియదన్నట్టు ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. రికార్డుల మీద పేర్లు లేకపోవడం వల్ల ఇప్పుడు తగాదాలున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో ఎన్నో రికార్డింగులకి వాయించిన బేసిస్ట్ కేరల్ కే, మోటౌన్ పాటలు కొన్నింటిలో బేస్ తనదని చెప్పారు. డెట్రాయిట్ వైపువాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. మోటౌన్ 1960లలో లాస్ ఏంజెలెస్‌లోనూ రికార్డింగులు చేసింది కాబట్టి విషయం ఒక్క మాటతో తేలేది కాదు. నువ్వు జేమర్సన్ అభిమానివి, నాకు తెలుసు. అయినా ఆమెని అబద్ధాలకోరు అనే హక్కు నీకు లేదు. ఒకరికి న్యాయం చేయబోయి ఇంకొకరి చేతిపనిని లాక్కోకూడదు. ఏ పాటకి ఏ ఆధారం ఉందో చెప్పు, లేనిచోట వివాదం ఉందని చెప్పు.

మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీ, అలబామాలో మసిల్ షోల్స్ అనే ఊరి స్టూడియో గురించి నీ చివరి రెండు పేజీలు ఇప్పటికి పక్కన పెట్టు. స్టాక్స్ వాద్యకారులు బుకర్ టి అండ్ ది ఎంజీస్ పేరుతో సొంత రికార్డులు వేశారు, వాళ్ళ కథ వేరు. మసిల్ షోల్స్‌లో 1967 జనవరిలో గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాటకి స్పూనర్ ఓల్డమ్ ఎలక్ట్రిక్ పియానో మీద పట్టిన ముక్క ఒక్కటే ఒక వ్యాసానికి సరిపోతుంది. అన్నీ ఒకేచోట కుక్కితే ఎవరూ వినపడరు.

డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ని మాత్రం ఉంచు. గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1970 నాటి 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ ఒంటరిగా వాయించిన ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు), ఇరవై సెకన్లో ఏమో, తర్వాత హిప్ హాప్ పాటల్లో లెక్కలేనన్నిసార్లు కోసి అతికించారు. పాట పేరే డ్రమ్మర్ మీద. పాట రాసినవాళ్ళలో డ్రమ్మర్ పేరు లేదు, కాబట్టి ఆ రాయల్టీ కూడా లేదు.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడకు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే పాట రాసినవాళ్ళకి డబ్బు వెళ్తుంది, పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ ఇప్పటికీ ఏమీ రాదు. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలకి చట్టం మారింది. అక్కడ వచ్చే ప్రతి 100లో 50 రికార్డు హక్కుదారుకి, 45 ప్రధాన కళాకారుడికి, 5 మిగతా వాద్యకారులకీ వెనక పాడినవాళ్ళకీ అందరికీ కలిపి. ఆ 5 గురించి ఒక పేరా రాయి. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ ప్రదర్శకులకి రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ సినిమా విషయంలో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వెయ్యని చిన్నపాటి ప్రదర్శన అయితే ఆ మనిషిని చాలావరకు ప్రదర్శకుడిగానే లెక్కించదు చట్టం. పేరు వెయ్యకపోతే పోయేది మర్యాద ఒక్కటే అనుకునేవాళ్ళకి ఇది చూపించు.

మన సినిమా పాటల ప్రస్తావన నువ్వు తేలేదు, ఈ వ్యాసంలో తేనక్కర్లేదు కూడా. కానీ ఇది పూర్తయ్యాక అటు వెళ్ళు. దశాబ్దాల పాటు మన పాటలు మద్రాసు స్టూడియోల్లో తయారయ్యాయి. రికార్డు మీద సంగీత దర్శకుడు, రచయిత, గాయకులు ఉంటారు. మనం ఇప్పటికీ నోటితో పాడుకునే ఇంటర్లూడ్‌లో ఆ ఫ్లూట్ ఎవరిదో, ఆ వయొలిన్ల వరసలో ఎవరు కూర్చున్నారో ఉండదు. కాల్షీట్ లెక్కన డబ్బు తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వెళ్ళి కలువు. 'మీకు అన్యాయం జరిగింది కదా' అని అడగకు. పాట వినిపించి, ఈ చోట ఏం వాయించారు, ఎందుకలా వాయించారు, నోట్స్ చూసి వాయించిందా అప్పటికప్పుడు కుదిరిందా అని అడుగు. ఆ ప్రశ్న వాళ్ళని ఇన్నేళ్ళలో ఎంతమంది అడిగుంటారు?

ముందు ఈ వ్యాసం. తిరిగి రాసేటప్పుడు 'బెర్నాడెట్' ఒక్కటే తీసుకో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి బేస్ వెంట, ఒకసారి డ్రమ్స్ వెంట, ఒకసారి గిటార్ల వెంట వెళ్ళు. విన్నది ఒక పేజీ రాసి పంపు, 'మరుగున' అనే మాట లేకుండా. పేర్లు నేనూ సరిచూస్తాను. డ్రమ్మర్ల జాబితా మాత్రం ముందే దిద్దు: 'పిస్టల్' అనేది రిచర్డ్ అలెన్ ముద్దుపేరు, నువ్వు ఆయన్ని ఇద్దరు మనుషులుగా రాశావు.

ప్రేమతో,
అక్క