ల్యాబ్ ఫీజు 5 వేలు, పనిచేసే కెమెరా ఒక్కటి: జర్నలిజం సీటుకి కట్టే డబ్బు ఎటు పోతుంది?

ప్రశ్న: మాది రాజాం. ఎరువుల కొట్టులో గుమస్తాని, నెలకు 24 వేలు. మా ఆవిడకు కుట్టుపని మీద ఆరేడు వేలు వస్తాయి. మా పాపకు పీజీసెట్‌లో ఎంఏ జర్నలిజం సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వచ్చింది. ఏడాదికి 32 వేలు: ట్యూషన్ 18 వేలు, ల్యాబ్ ఫీజు 5 వేలు, డెవలప్‌మెంట్ ఫీజు 5 వేలు, లైబ్రరీ, పరీక్షలు వగైరా 4 వేలు. హాస్టల్, మెస్ నెలకు 4,500. వెళ్లి చూస్తే డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ మేష్టార్లు ఇద్దరే, పనిచేసే కెమెరా ఒక్కటే. మరి మా డబ్బంతా ఎటు పోతున్నట్టు? విశాఖలో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది డిప్లొమాకి 1.8 లక్షలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. లోను పెట్టి అక్కడ చేర్చమని బావమరిది పోరు. నా దగ్గర 7 శాతం వడ్డీ మీద 1.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. లక్ష రూపాయల చీటీ, నెలకు 5 వేలు, ఇంకా 8 నెలలుంది. ఇప్పుడు పాడుకుంటే 18 వేలు పోతాయి. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అనుమానం సంగతి చూద్దాం. ఎందుకంటే అది తేలితే రెండో ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

మీరు చూసిన ఆ ఇద్దరు పర్మనెంట్ మేష్టార్ల జీతాలు మీ పాప ఫీజులోంచి రావు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం బ్లాక్ గ్రాంటు, అంటే ఏడాదికింత అని ఒక మొత్తం, ఇస్తుంది. అందులో చాలా భాగం జీతాలకు, పింఛన్లకే సరిపోతుంది. ఖాళీ పోస్టుల్లో పాఠాలు చెప్పేవాళ్లకు, మిషన్లు బాగు చేయించడానికి, ల్యాబ్ జర్నల్ (పిల్లలు సాధన కోసం తెచ్చే పత్రిక) అచ్చు వేయడానికి, పిల్లల్ని ఊళ్లలోకి తీసుకెళ్లే బస్సుకు డబ్బు కావాలంటే దిక్కు విద్యార్థుల ఫీజులే. సెల్ఫ్ ఫైనాన్స్ సీటు అనేదే అందుకు పుట్టింది. అయితే మీరు కట్టే 32 వేలలో కొంతే డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కుతుంది. పరీక్షల సొమ్ము పరీక్షల విభాగానికి, డెవలప్‌మెంట్ ఫీజు క్యాంపస్ పనులకు పోతాయి. ట్యూషన్ ఫీజులో కొంత విశ్వవిద్యాలయం ఖజానాలో ఉండిపోతుంది. డిపార్ట్‌మెంట్ ఇది మాది అని చెప్పుకోగలిగేది ప్రధానంగా ల్యాబ్ ఫీజు, ట్యూషన్‌లో తిరిగొచ్చే వాటా.

ఇప్పుడు ల్యాబ్ ఫీజు లెక్క కడదాం. బ్యాచ్‌లో 30 మంది చేరితే ఏడాదికి 1.5 లక్షలు. 12 మందే చేరితే 60 వేలు. ఖాళీ పోస్టుల్లో పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక్కో పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వొచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2019లో చెప్పింది. చాలాచోట్ల అంతకంటే తక్కువే ఇస్తారు, అది వేరే బాధ. అయినా ఆ రేటునే కొలతగా పెట్టుకుంటే 1.5 లక్షలంటే 100 పాఠాలు, 60 వేలంటే 40. పైగా బస్సు కిరాయి, అచ్చు ఖర్చు మనిషికింత అని తగ్గవు. అమ్మవారి పండక్కి పది ఇళ్లు చందా ఇచ్చినా, ముప్పై ఇళ్లు ఇచ్చినా డప్పులవాళ్ల కూలి ఒకటే కదా, ఇదీ అంతే.

కాబట్టి డిపార్ట్‌మెంట్‌కి మళ్లీ వెళ్లినప్పుడు కెమెరాలు లెక్కపెట్టకండి. కెమెరాల్లాంటి పెద్ద కొనుగోళ్లు సాధారణంగా గ్రాంటుల్లోంచి జరుగుతాయి, మీ 5 వేలతో కాదు. నిరుడు ఎంతమంది చేరారు, వాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది మిగిలారు అని అడగండి. నిరుటి ల్యాబ్ జర్నల్ సంచికలు ఎన్ని వచ్చాయో, చేతికిచ్చి చూపించమనండి. పిల్లలు రాసిన వార్తల్లో ఉద్దానం కిడ్నీ బాధితుల ఇళ్లకు వెళ్లి రాసినవో, విజయనగరం సిరిమానోత్సవంలో జనం మధ్య నిలబడి రాసినవో కనిపిస్తే ఫీజు పని చేస్తున్నట్టే. అన్నీ ప్రెస్ నోట్లూ, ఇంటర్‌నెట్‌లోంచి దించినవీ అయితే బస్సు కదల్లేదని అర్థం. ఆ చదువు ఇంట్లో కూర్చునీ చదువుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్ హెడ్‌ని నోటితో అడిగితే చాలామటుకు చెబుతారు. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. బడ్జెట్ కేటాయింపులను ఎవరూ అడగకముందే బయటపెట్టాలని ఆ చట్టంలోని నాలుగో సెక్షనే చెబుతోంది. జర్నలిజం చదవబోయే పిల్ల మొదటి సమాచార హక్కు దరఖాస్తు తన ఫీజు మీదే పెడితే తప్పేంటి? మేష్టార్లు కూడా లోలోపల సంతోషిస్తారని నా నమ్మకం. ఆ డబ్బు డిపార్ట్‌మెంట్‌కి సరిగా రావడం లేదని అందరికంటే ఎక్కువ బాధపడేది వాళ్లే.

ఇక మీ బావమరిది గారి మాట. 1.8 లక్షల ఫీజు, పైఖర్చులు కలిపి 2 లక్షల లోను అనుకుందాం. 10 శాతం వడ్డీ. చదువు ఒక ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం ఆగదు. రెండేళ్లకు బాకీ 2.4 లక్షలవుతుంది. ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 5,100. అదీ బ్యాంకు విద్యారుణమైతే. గుర్తింపు లేని సంస్థ డిప్లొమాకి బ్యాంకు ఆ లోను ఇవ్వకపోతే పర్సనల్ లోనే గతి, వడ్డీ ఇంకా పెరుగుతుంది, మొదటి నెల నుంచే కట్టాలి. ఇటు ఆదాయం చూస్తే మన జిల్లాల్లో మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రికకు మండలం నుంచి వార్తలు పంపే మనిషిగా, మొదలుపెట్టే చాలామందికి నెల జీతమే ఉండదు, రాసిన వార్తల లెక్కన ఇచ్చేదే. అలాంటి వృత్తిలోకి 5,100 వాయిదా మెడకు తగిలించుకుని దిగే పిల్ల, నచ్చిన పని కాక ఏది దొరికితే అది పట్టుకోవాల్సి వస్తుంది. ఇంకో ముక్క. తెలుగు పత్రికలు తమ జర్నలిజం స్కూళ్లలో ప్రవేశ పరీక్ష పెట్టి, తీసుకున్నవాళ్లకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చి నేర్పుతాయి. ఎదురు డబ్బిచ్చి నేర్పే చోటు ఉండగా 1.8 లక్షలు పోయడానికి నాకైతే మనసొప్పదు. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లని ఆ మాట స్టాంపు కాగితం మీద రాసిమ్మనండి, గొంతు మారుతుంది.

సెల్ఫ్ ఫైనాన్స్ సీటులోనే చేర్చండి. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ వద్దు. రెండేళ్ల ఫీజు 64 వేలు, ఏడాదికి పది నెలల చొప్పున మెస్ 90 వేలు, మొత్తం 1.54 లక్షలు. దీనికి విద్యారుణమూ వద్దు, ఎఫ్‌డీ చెరపడమూ వద్దు. చీటీ ఇప్పుడు పాడటం అసలే వద్దు, 32 వేల అవసరానికి 18 వేలు వదులుకోవడం ఏ లెక్కలోనూ నిలవదు. ఎఫ్‌డీ మీద బ్యాంకులో 32 వేలు అప్పు తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. 8 శాతం చొప్పున 8 నెలలకు సుమారు 1,700 రూపాయలు. మెస్ ఖర్చు జీతంలోంచి పెట్టండి. ఈ 8 నెలలు చీటీ, మెస్ రెండూ కలిసి 9,500 అవుతాయి, కాస్త బిగుతే. చీటీ అయిపోగానే ఆ 5 వేలు మెస్‌కి సరిపోతాయి.

చీటీ డబ్బు చేతికొచ్చాక కమీషన్ పోను 95 వేలనుకుంటే, బ్యాంకు అప్పు తీర్చి, రెండో ఏడాది ఫీజు పక్కన పెట్టినా 29 వేల దాకా మిగులుతుంది. అది ఇంటర్న్‌షిప్ కోసం దాచండి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెండు నెలలు గది అద్దె, భోజనం పడతాయి, ఇంటర్న్‌షిప్‌లో చాలాచోట్ల పైసా ఇవ్వరు. ఫీజు కాగితంలో కనపడని ఈ ఖర్చు దగ్గరే పిల్లలు ఆగిపోతుంటారు. కెమెరా కొనకండి, వాయిదాల మీద అసలే వద్దు. ఉన్న ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్ చాలు. ఎఫ్‌డీ బాబు చదువుకి అలాగే ఉంటుంది. ఇదంతా మీ చీటీ రిజిస్టరైనదైతేనే. వీధి చీటీ అయితే నాకు మళ్లీ రాయండి, లెక్క మారుతుంది.

ట్యూషన్ ఫీజుతో పాటు ఇన్సూరెన్స్ పాలసీ కూడా చూపిస్తే ఇన్‌కంటాక్స్ తగ్గుతుందంటూ ఎవరైనా పాలసీ అమ్మబోతే పంపించేయండి. మీ ఆదాయానికి అసలు పన్నే పడదు.

చివరగా, పాపకు ఇంతలో వేరే మంచి సీటు వస్తే కట్టింది పోయినట్టు కాదు. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజంతా తిరిగివ్వాలి. ఆఖరు తేదీ లోపు 15 రోజుల్లో అయితే 90 శాతం, ఆఖరు తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం, ఆపైన ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదు, చూసుకుని తిరిగిచ్చేయాలి. డబ్బు చలానా మీదో ఆన్‌లైన్‌లోనో మాత్రమే కట్టండి, ఏ పద్దుకి ఎంతో విడివిడిగా రాసున్న రసీదు తీసుకోండి. ల్యాబ్ ఫీజు సంగతి రేపు అడగాలన్నా ఆ పద్దులే ఆధారం.